ఇంటి కంప్యూటరునకు నీరడి యెవరు?



గ్రామములందు పెద్దలు నలుగురు కూడినచోట వానను గూర్చియు, పంటను గూర్చియు, పెండ్లిండ్లను గూర్చియు ప్రసంగము సాగుట యనాదిగ నున్నదే. ఇటీవల మఱియొక ప్రశ్న తఱచుగ వినవచ్చుచున్నది. “పిల్లల చదువునకై ఇంట కంప్యూటరు పెట్టితిమి. అందులో నేది యెక్కించిన మేలు?” అని యడుగుచున్నారు. పట్టణముననున్న కుమారుడొక మాట చెప్పును. అంగడివాడు మఱియొక మాట చెప్పును. డబ్బు మాత్రము తండ్రి యియ్యవలయును.

ఈ ప్రశ్న నాకడకు వచ్చిన విధమును మొదట మనవి చేసెదను. పటాన్‌చెరు కర్మాగారములలో నొకదానియందు పనిచేయు మా పొరుగువాడు, పదవ తరగతి చదువు కుమార్తె కొఱకు వాడిన కంప్యూటరు నొకదానిని చౌకగ కొనెను. 2025 దీపావళి వెళ్లిన కొన్ని దినములకు ఆ యంత్రమును మరమ్మతుకై యొక యంగడికి తీసికొనిపోగా, అచటివారు దానిని నడపు విండోస్ 10 కు అక్టోబరు 14వ తేదీతో తయారీదారు పోషణ ముగిసినదనియు, దాని తరువాతిదగు విండోస్ 11 ఇంత పాత యంత్రమున ఎక్కదనియు, క్రొత్తది కొనుటయే శరణ్యమనియు చెప్పి పంపిరి. యంత్రమునకు రోగము లేదు. తెఱ వెలుగుచున్నది, మీటలు పలుకుచున్నవి. అయినను అది చచ్చినదానితో సమానమట! “సారూ, రెండు నెలల జీతము పోసి మఱల కొనవలసినదేనా?” అని యతడు నన్నడిగెను.

తెలుగు పంతులునకు దీనితో నేమి పనియని మీరనుకొనవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము యంత్రశాస్త్రమున కంటె చరిత్రమునందే యెక్కువగ నున్నదని నా తలంపు. అందుచేత ఆ చరిత్రమును సంగ్రహముగ విన్నవించెదను.

మొదట నడపుట యన నేమో తెలియవలెను. మన చెఱువు క్రింది సేద్యమును తలచుకొనుడు. చెఱువున నీరున్నది, క్రింద మళ్లున్నవి. ఎవరికి తోచినట్లు వారు తూము తెఱచినచో ముందరి మడి మునుగును, చివరి మడి యెండును. అందుచే మన పూర్వులు నీరడిని నియమించిరి. ఏ మడికి ఎంత నీరు, ఎంతసేపు అను లెక్కతో అతడు వంతులవారిగ నీరు పాఱించెడివాడు. కంప్యూటరునందును లెక్క గట్టు ప్రాసెసరు ఒకటి, పని జరుగునంతసేపు విషయమును నిలుపు మెమొరీ కొంత, వ్రాతను పదిలపఱచు డిస్కు ఒకటి, ఇంకను తెఱయు, మీటలపలకయు, ముద్రణయంత్రమును ఉన్నవి. ఉత్తరము వ్రాయు సాధనము, లెక్కల సాధనము, బొమ్మలు చూపు సాధనము ఇవన్నియు వానికై యెగబడును. ఒక్కొక్కదానికి వంతు నిర్ణయించి, తగవు లేకుండ నడపు నీరడియే ఆపరేటింగు సిస్టము. దానినే తెలుగున నిర్వాహక వ్యవస్థ యనుచున్నారు. విండోస్ అట్టి నీరడులలో నొకటి.

నీరడి ఊరివాడైనచో అతని లెక్క ఊరికి తెలియును. తప్పు దొరలినచో రచ్చకట్ట వద్ద అడుగవచ్చును. అతడు మానుకొనినచో లెక్క తెలిసిన మఱియొకనిని నిలుపవచ్చును. అట్లుగాక ఆ నీరడి దూరదేశముననుండి, లెక్క నెవరికిని చూపక, “ఈ దినముతో మీ చెఱువునకు నా పని సరి” యనినచో ఊరివారి గతి యేమి? మా పొరుగువానికి కలిగిన చిక్కు ఇట్టిదే. అయితే లెక్కను దాచు ఆచారము మొదటినుండియు నున్నదా? లేదు.

1950, 1960 ప్రాంతములందు కంప్యూటరులు గదులంతటివి. యంత్రమును అమ్మినవారే దానిని నడపు ఆదేశములను గూడ వ్రాసి యిచ్చెడివారు. వానికి వేఱుగ వెల లేదు. విశ్వవిద్యాలయములవారు తాము దిద్దుకొనిన వ్రాతను ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనెడివారు. హైదరాబాదున 1967 లో నెలకొనిన ఇ.సి.ఐ.ఎల్. అను ప్రభుత్వ సంస్థ 1969 లో టి.డి.సి. 12 అను కంప్యూటరును వెలువరించినది. సరిగ ఆ సంవత్సరమే అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ యంత్రమునకొక వెల, దానిని నడపు వ్రాతకొక వెల కట్టుటకు నిశ్చయించెను. ఆ వ్రాతకే సాఫ్టువేరు అని పేరు. నాటినుండి అది క్రమముగ వేఱు సరకయ్యెను.

సరకగుటలో దోషము లేదు. చిక్కు మఱియొకచోట నున్నది. సాఫ్టువేరును మొదట మనుష్యుడు చదువదగిన రీతిని వ్రాయుదురు. దానిని సోర్సు కోడు, అనగా మూలము, అందురు. పిదప దానిని యంత్రము గ్రహించు ఒకట్లు సున్నల రూపమునకు మార్తురు. ఆ రూపమును మనుష్యుడు చదివి తెలిసికొనుట మిక్కిలి కష్టము. వంట తిన్నవానికి రుచి తెలియును గాని పాకము తెలియదు గదా! మూలమును దాచి యంత్రరూపమును మాత్రమే అమ్మినచో, కొన్నవాడు దానిని వాడుకొనును. కాని పరీక్షింపలేడు, దిద్దుకొనలేడు, తన భాషలోనికి తెచ్చుకొనలేడు.

ఈ దాపఱికము చదువునకు చేసిన హానిని తెలుపు కథ యొకటి కలదు. 1969 లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యను పండితులు యూనిక్సు అను నిర్వాహక వ్యవస్థకు పునాది వేసిరి. ఆ పరిశోధనాలయము ఎ.టి. అండ్ టి. అను టెలిఫోను సంస్థకు చెందినది. 1956 లో ప్రభుత్వముతో కుదిరిన యొడంబడికచే ఆ సంస్థ యితర వ్యాపారములలోనికి దిగరాదు. కాబట్టి యూనిక్సును మూలముతో సహా విద్యాలయములకు కొద్దిపాటి రుసుమునకు ఇచ్చెను. ఆస్ట్రేలియాలో జాన్ లయన్స్ అను ఆచార్యుడు ఆ మూలమును ఒక సంపుటముగను, దానికి తాను రచించిన వ్యాఖ్యను వేఱొక సంపుటముగను కూర్చి 1970 దశకమున విద్యార్థులకు పాఠము చెప్పెను.

మూలము, దానికి వ్యాఖ్య! ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్య రచించిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారమువాడని ప్రసిద్ధి. ఆయన వ్యాఖ్య లేనిదే నావంటివారు రఘువంశము నొక్క సర్గమైనను దాటగలిగియుండరు. కాళిదాసు మూలము ఎవరి పెట్టెలోనో తాళము వేయబడియున్నచో మల్లినాథుడు దేనికి వ్యాఖ్య వ్రాసియుండును? తాటియాకు గలవాడెల్ల ప్రతి వ్రాసికొనుటచేతనే ఆ గ్రంథములు మనవఱకు వచ్చినవి.

యూనిక్సునకు అట్టి భాగ్యము చిరకాలము నిలువలేదు. 1979 లో వెలువడిన ఏడవ కూర్పుతో నిబంధన మాఱెను. మూలమును తరగతిలో పాఠముగ చెప్పరాదనిరి. లయన్స్ గ్రంథమును విద్యార్థులు నకళ్లు తీసికొని చేతులు మార్చుకొనుచు చదువుకొనవలసివచ్చెను. 1996 లో గాని అది బహిరంగముగ అచ్చు కాలేదు.

ఈ కట్టడి రెండుచోట్ల రెండు ప్రయత్నములకు కారణమయ్యెను. నెదర్లాండ్సు దేశమున ఆండ్రూ టానెన్‌బామ్ అను ఆచార్యుడు, చెప్పుటకు పాఠము లేకపోవుటచే, మినిక్సు అను చిన్న నిర్వాహక వ్యవస్థను స్వయముగ వ్రాసి 1987 లో పుస్తకముతో సహా ప్రకటించెను. అది యొకటి. రెండవది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పనిచేయు రిచర్డ్ స్టాల్‌మన్ చేసిన ప్రతిజ్ఞ. వారి ముద్రణయంత్రమున తఱచుగ కాగితము చిక్కుకొనెడిది. చిక్కుకొనిన వెంటనే అందఱికి తెలియునట్లు దానిని దిద్దవలెనని యాతడు దాని మూలమును అడుగగా, అది కలిగియున్న వేఱొక విశ్వవిద్యాలయపు పండితుడు, ఎవరికిని చూపనని తాను మాట యిచ్చియుంటినని నిరాకరించెను. కాగితము చిక్కుట అల్పవిషయమే. కాని చేతనైన సాయము తోడి పండితునకు చేయరాదను నియమము స్టాల్‌మన్‌కు అధర్మముగ తోచెను.

ఆతడు 1983 సెప్టెంబరు 27 న, మూలము తెఱచియుండు సంపూర్ణ నిర్వాహక వ్యవస్థను తాను నిర్మింపబూనినట్లు ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1989 లో దానికి తగిన అనుమతి పత్రమును వెలువరించెను. అందలి సారమిది. ఎవరైనను ఏ పనికైనను దానిని వాడుకొనవచ్చును. మూలమును చదివి మార్చుకొనవచ్చును. ప్రతులు తీసి పంచిపెట్టవచ్చును. తాము మార్చినదానిని గూడ పంచిపెట్టవచ్చును. అయితే పుచ్చుకొన్నవాడు మఱల ఇతరులకు ఇచ్చునపుడు ఈ హక్కులనన్నిటిని తగ్గింపక ఇయ్యవలెను. అనగా ధర్మసత్రమును కట్టించి, దీనికి తలుపులు బిగింపరాదని శాసనము చెక్కించినట్లు.

ఈ రెండు పాయలను కలిపినవాడు ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్. అతనికప్పుడు ఇరువదియొక్క యేండ్లు. మినిక్సుపై పనిచేయుచు, 1991 ఆగస్టు 25 న, తాను సరదాకు ఒక నిర్వాహక వ్యవస్థను వ్రాయుచున్నానని తోడివారికి తెలిపెను. 1992 లో దానిని గ్నూ అనుమతి పత్రము క్రిందికి తెచ్చెను. అదియే లినక్సు. గ్నూ సాధనములును, లినక్సు అను గుండెకాయయు కలిసి పూర్ణరూపము కలిగెను. 2017 నవంబరునుండి లోకమున మిక్కిలి వేగముగ లెక్కించు ఐదువందల మహాకంప్యూటరులును లినక్సు పైననే నడచుచున్నవి. అంత దూరమేల? మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనునకు గూడ మూలమున నున్నది లినక్సే. కాబట్టి ఇది మనకు తెలియని క్రొత్త దేవర కాదు. పేరు తెలియక కొలుచుచున్న దేవరయే.

ఇచట రెండవ పక్షమును గూడ చెప్పవలెను. 1976 లో బిల్ గేట్స్ తమ సాఫ్టువేరును వెల లేక ప్రతులు తీసికొనువారికొక బహిరంగలేఖ వ్రాసెను. శ్రమపడి వ్రాసినవానికి ఫలము దక్కకున్న మంచి సాఫ్టువేరు నెవరు వ్రాయుదురని ఆయన ప్రశ్న. అది త్రోసివేయదగినది కాదు. పండితునకు సంభావన, కమ్మరికి కూలి ధర్మమే. కాని తెఱచిన మూలమునకును జీతగాండ్రున్నారు. పెక్కు వ్యాపారసంస్థలు తమకు లినక్సు కావలసియుండుటచే తమ యింజనీర్లకు జీతములిచ్చి దానిపై పనిచేయించుచున్నవి. మాన్పినది కూలిని కాదు, తాళమును.

ఈ తాళము తెలుగువారికి చేసిన నష్టమును నేను స్వయముగ నెఱుగుదును. 1990, 2000 ప్రాంతములందు మన అక్షరములు కంప్యూటరు తెఱపై చక్కగ కనబడసాగినవి. కాని లోపల ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క రహస్య సంకేతమును వాడెడిది. ఒకరు ‘క’ కారమునకు ఉంచిన సంఖ్యను మఱియొకరు ‘న’ కారమునకు ఉంచిరి. ఆ సంస్థవారి అక్షరములు లేని యంత్రమున తెఱచినచో తెలుగు మాయమై, ఇంగ్లీషు అక్షరములును గీతలును చుక్కలును కనబడును. నేను పాఠశాలలో పనిచేయుకాలమున మా ప్రాంతపు గుళ్లను, చెఱువులను గూర్చి ముదుసళ్లు చెప్పిన సంగతులను రెండువందల పుటలు అట్టి యక్షరములలో టైపు చేయించితిని. ఆ యంత్రము పాడయ్యెను. వేఱొక యంత్రమున తెఱచిచూడగా ఒక్క మాటయు చదువ వీలుకాలేదు. అచ్చుకాగితములు కొన్ని మిగిలియుండుటచే సగము మఱల వ్రాయగలిగితిని. తక్కిన సగము చెప్పినవారు అప్పటికే లోకమున లేరు.

దీనికి చికిత్సయు తెఱచిన మార్గముననే వచ్చినది. 1991 లో వెలువడిన యూనికోడు అను ప్రమాణమునందు లోకములోని లిపులలో ప్రతి యక్షరమునకును ఒకే సంఖ్య నిర్ణయమయ్యెను. అందు తెలుగునకు 128 గళ్ల స్థానము లభించెను. ఆ సంఖ్యలు బహిరంగము. ఎవరైనను వానికి తగిన అక్షరరూపములను గీయవచ్చును. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అను పేర్లతో రెండు లిపిరూపములను సిద్ధపఱచి, గ్నూ అనుమతి పత్రముతోనే లోకమునకిచ్చిరి. తన కావ్యమును రాజున కంకితమీయనొల్లని పోతన పేరిట వెలసిన లిపి ఏ యజమానికిని చెందకుండుట ఎంత సముచితముగ నున్నది! ఆ తరువాత సిలికానాంధ్రవారు గిడుగు, గురజాడ, సురవరము మొదలగు పేర్లతో మఱికొన్ని లిపులను అట్లే ఉచితముగ సమర్పించిరి.

2005 లో మన హైదరాబాదు కేంద్రముగ ‘స్వేచ్ఛ’ అను తెలుగు నిర్వాహక వ్యవస్థ వెలువడెను. అదియే పేరు గల స్వచ్ఛంద సంస్థవారు, తెలుగు తప్ప వేఱు భాష రానివారును కంప్యూటరును వాడగలుగవలెనను సంకల్పముతో దానిని కూర్చిరి. పిల్లల కొఱకు బాల స్వేచ్ఛ యను కూర్పును గూడ తెచ్చిరి. భారత ప్రభుత్వమునకు చెందిన సి-డాక్ సంస్థ చెన్నై నగరమున రూపొందించిన బాస్ అను లినక్సు కూర్పు 2007 లో వెలువడెను. అందును తెలుగు కలదు. ఇవి యెట్లు సాధ్యమయ్యెను? మూలము తెఱచియుండుటచేత. ఏ విదేశ సంస్థ యనుమతికిని కాచుకొనక, మన పిల్లలు తామే కూర్చుండి మాటకు మాట తెలుగు చేయగలిగిరి.

ఈ ధర్మమునకు సాటియైనది మన వాకిటనే యున్నది. పటాన్‌చెరు వద్ద 1972 లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనసంస్థను మీరెఱుగుదురు. అందలి విత్తనాగారమున జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిఱుధాన్యముల రకములు లక్షకు పైగ చల్లని గదులలో పదిలముగ నున్నవి. అవి యెన్నో దేశముల రైతుల పొలములనుండి సేకరింపబడినవి. 1994 లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థతో ఆ సంస్థ యొక యొడంబడిక చేసికొనెను. ఆ విత్తనములకు తాము యజమానులము కామనియు, లోకము కొఱకు కాపాడు ధర్మకర్తలము మాత్రమేననియు, పుచ్చుకొన్నవారును వానిపై స్వామ్యహక్కు కోరరాదనియు అందలి భావము. ఇథియోపియా, కెన్యా, సోమాలియా మొదలగు దేశములకు వారి జొన్న రకములనే మఱల ఇచటినుండి పంపిన సందర్భములు కలవు. దాచినవాని గాదెలో విత్తనము పుచ్చిపోవచ్చును. పదిమందికి పంచిన విత్తనము ఒకచోట పోయినను మఱియొకచోట దొరకును. సాఫ్టువేరు మూలమును అట్టిదే.

ఇక ఎన్నిక విషయము. లినక్సు మూలము తెఱచియుండుటచే ఎవరి యభిరుచికి తగినట్లు వారు కూర్చిన రూపములు వందలకొలది యున్నవి. క్రొత్తవాడు ఆ పట్టికను చూచి బెదరిపోవును. బెదరనక్కఱలేదు. వానికి వంశవృక్షమున్నది. 1993 లో పుట్టిన డెబియను తాత. దానినుండి 2004 లో పుట్టిన ఉబుంటు తండ్రి. దానినుండి 2006 లో పుట్టిన లినక్సు మింటు మనుమడు. ఉబుంటువారు కొన్ని సంవత్సరములు అడిగినవారికెల్ల సి.డి.లను ఉచితముగ తపాలాలో పంపెడివారు.

తొలిసారి వాడువారికి వీనిలో మింటు అనుకూలమని నా యనుభవము. కారణములు చెప్పెదను. విండోస్ అలవాటైనవానికి దాని ముఖము పరిచితముగ నుండును. క్రింద పట్టీ, ఎడమమూల మీట, దానిని నొక్కిన సాధనముల జాబితా. ఉత్తరములు, లెక్కలు వ్రాయు లిబ్రె ఆఫీసు, అంతర్జాలము చూచు ఫైర్‌ఫాక్సు దానితోనే వచ్చును. 2024 లో వెలువడిన 22వ కూర్పునకు 2029 ఏప్రిలు వఱకు పోషణ యున్నది. మెమొరీ రెండు గిగాబైట్లున్నను నడచును, నాలుగున్న సుఖముగ నడచును. యంత్రము మఱీ పాతదైనచో అదే మింటునందు ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికైన రూపమును ఎన్నుకొనవలెను. తెలుగు వ్రాయుటకు ఇన్‌స్క్రిప్టు మీటల అమరికను అమర్చుకొనవచ్చును. ఇంకొక మాట. ఊరిలోనో బంధువులలోనో ఉబుంటు తెలిసిన విద్యార్థి యున్నచో ఉబుంటునే పెట్టుకొనుడు. దూరపు ఘనుని కంటె పొరుగు సాయము మిన్న.

లోపములను దాచుట నా వృత్తికి తగదు. వర్తకులు వాడు లెక్కల సాధనములు కొన్నియు, ముద్రణశాలలలో వాడు పాత తెలుగు అక్షరముల సాధనములును లినక్సుపై నేరుగ నడువవు. జీవనము వానిపై నున్నవారు తొందరపడరాదు. విండోస్ 10 నకు 2026 అక్టోబరు వఱకు కొన్ని నియమములతో రక్షణను పొడిగించుకొను వీలు దాని తయారీదారులు కల్పించిరి. అట్టివారు ఆ గడువును వాడుకొని ఆలోచించుట మేలు. కొన్ని ముద్రణయంత్రములు గూడ మొండికేయును. ముందే పరీక్షింపవలెను.

పరీక్షకు సులభమగు మార్గమున్నది. మింటును దాని స్వంత వెబ్‌సైటునుండి తెచ్చి పెన్ డ్రైవున నిలిపి, దానితోనే యంత్రమును లేపవచ్చును. డిస్కులోని పాతదానికి హాని కలుగదు. రెండు దినములు అట్లు వాడి, తెఱ, ధ్వని, అంతర్జాలము, ముద్రణము, తెలుగు అన్నియు చూచుకొని, నచ్చినచో స్థాపింపవలెను. స్థాపించునపుడు డిస్కు తుడిచివేయబడవచ్చును. కాబట్టి ఫోటోలు, పత్రములు వేఱొక డిస్కునకు ప్రతి తీసికొనక ఆ పనికి పూనుకొనరాదు. నా రెండువందల పుటల కథ మఱవకుడు.

మా పొరుగువాని యంత్రమునకు ఇట్లే చేయించితిమి. ఊరిలోని ఇంజనీరింగు విద్యార్థి యొకడు వచ్చి ఒక పూటలో ముగించెను. మొదటి దినమున వైఫై పట్టలేదు. తీగతో కలిపి, కావలసిన భాగమును తెప్పించిన పిమ్మట పట్టినది. మిగిలిన రెండు నెలల జీతము ఇంటిలోనే యున్నది. ఆ యంత్రము చెత్తకుప్పకు పోలేదు. కర్మాగారముల వ్యర్థము నీటిలో కలిసినచో నేమగునో నక్కవాగు నెఱిగిన ఈ ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. చెడని యంత్రమును పాఱవేయుట యనగా సీసము మొదలగు విషములను మన మట్టికి అప్పగించుటయే.

నెల గడచిన పిదప ఆ బాలిక తన తాత చెప్పిన చెఱువు కథ నొకదానిని తెలుగున టైపు చేసి, పోతన లిపిలో అచ్చుతీసి నాకు చూపినది. రెండు తప్పులు దిద్ది యిచ్చితిని. ఇంటికి వెళ్లి తానే సరిచేసికొన్నది. ఆ కాగితము పోయినను, ఆ యంత్రము పాడైనను, ఆ కథను మఱియొక యంత్రమున మఱియొకరు చదువగలరు. నేను పోగొట్టుకొన్న సగము పుటలకు లేని భాగ్యమిది.

కావున పెద్దలారా! ఇంట కంప్యూటరు పెట్టునపుడు వెల యెంతయని యడుగుడు, వేగమెంతయని యడుగుడు. వానితోపాటు, దీని నీరడి యెవరు, అతని లెక్క తెఱచియున్నదా, అతడు మానినచో మఱియొకడు నిలువగలడా, అతనికి మన భాష వచ్చునా యనియు అడుగుడు. ఈ నాలుగు మాటలు అడుగుటకు యంత్రశాస్త్రము చదివియుండనక్కఱలేదు. చెఱువు క్రింద సేద్యము చేసినవారికి అవి యెప్పుడో తెలిసిన మాటలే.